అరచేతుల నడిమి సందు

గిరిజ ఎడమ చెయ్యి సర్వర్ బీ మోకాలి మీద ఉన్నది. బొటనవేలిని అరచేతిలకు మడిచి, చిటికెనవేలి మొదలును గట్టిగ నొక్కి పట్టి, సర్వర్ బీ ఆకుపచ్చ గాజును మెటికల మీదికి దొర్లించబోయింది. గాజు కదల్లేదు.

"జర వదులు చెయ్యండి దొర్సానీ. చెయ్యి బిగవట్టిన్రు."

"నేనెక్కడ బిగవట్టిన? వదిలేసే ఉన్న" అన్నది గిరిజ.

తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ, పండుగకు మొదటి రోజు. గిరిజ బిడ్డ రిషిత హైదరాబాద్‌ల చదువుతది. సకల జనుల సమ్మెకు కాలేజీలు బంద్ అయితే జగిత్యాలకు వచ్చి ఇంట్లనే ఉన్నది. ఆ పిల్లకు గాజులు ఏసుడు అయిపోయింది. కిటికీ కాడ నిలబడి చేతులు పైకెత్తి గలగలలాడిస్తున్నది. పక్కింటి ఇంద్రమ్మ తన వంతు కోసం సోఫా అంచుకు కూర్చున్నది. బజార్ల దీక్షా శిబిరం మైకు మోగుతున్నది. గిరిజ భర్త భాస్కర్ రావు పొద్దుగాల్నే ఆడికి పోయిండు.

గిరిజ మణికట్టు మీద అప్పటికి ఆరు గాజులెక్కినయి. ఆ ఆరు ఎక్కించేటాలకే సర్వర్ బీకి చెమటలు పట్టినయి. ఎప్పుడైన ఒక చేతికి గాజులేస్తూ ఇంకో ఇంటి ముచ్చట చెప్పే మనిషి, ఇయ్యాల మాట్లాడకుంట పౌడరు చల్లుకొని, మెటికలు మెత్తగ పిసికి, మళ్ల గాజు పెట్టింది. నొక్కింది. టక్కుమన్నది.

గాజు అంచు గిరిజ బొటనవేలి కింద సన్నగ గీరుకపోయింది. నెత్తురు ఒక గీతలెక్క పైకొచ్చింది.

"పెరిగింది" అన్నది సర్వర్ బీ మెల్లగ. ముత్తయిదువ ముంగట పలిగింది అనద్దు.

ఇంకొకటి తీసింది. ఆడికే ఆపితే అయిపోతుండె గని చేతికి రోషమొచ్చింది. అది గూడ అదే మెటిక మీద టక్కుమన్నది.

గిరిజ చెయ్యి గుంజుకున్నది. "నా పెండ్లి నాటి సంది నువ్వే ఏస్తున్నవు. ఎన్నడన్న ఒక్కటి పెరిగిందా? ఇయ్యాల రెండు. గది గూడ పండుగ ముంగట."

"చెయ్యి జర గట్టిగ..."

"నీ చెయ్యి మొద్దువారింది సర్వర్ బీ. నీకే తెలుస్తలేదు."

గిరిజ కోపానికి రాలేదు. చెప్పాల్సింది చెప్పినట్టు చెప్పింది. అది సర్వర్ బీకి ఇంకెక్కువ తాకింది. ఇంద్రమ్మ తన చేతులను కొంగు కిందికి జరుపుకొని లేచింది. "నాకు తర్వాత చూద్దాం తీ. ఇంట్ల పొయ్యి మీద పాలున్నయి."

"గాజన్నంక పలుగుతది గదమ్మా" అన్నది రిషిత దూది తెచ్చి. తల్లి చూసిన చూపుకు దూది ఆడ పెట్టి ఎనుకకు జరిగింది.

సర్వర్ బీ ముక్కలన్నీ ఏరి కాయితంల పొట్లం కట్టింది. గిరిజ ఇంట్ల చెప్పులు లేకుంట నడుస్తది. అందుకని నేలంతా అరచేత్తోని తడిమి చూసింది. గాజుల గుత్తులు దారాలకు గుచ్చిన మలారాన్ని భుజానికేసుకొని బయటకు నడిచింది.

డిపో గేటు ముంగట టెంటు కింద డ్రైవర్లు, కండక్టర్లు కూర్చున్నరు. బస్సులు లోపల వరసగ నిలబడి ఉన్నయి. కోరుట్లకు పోయే ఏడు సీట్ల ఆటోల పన్నెండు మంది నడుమ సందు దొరికించుకొని కూర్చున్నది. తొవ్వ పొడుగూత పిడికిలి మూసుకుంట తెరుచుకుంట చూసింది. పూర్తిగ మూసుకుంటలేదు. పూర్తిగ తెరుచుకుంటలేదు. ఈ నడుమ పొద్దున లేస్తే వేళ్లు చెక్కల్లెక్క ఉంటున్నయి. చాయ్ గిలాసను రెండు చేతులతోని పట్టుకొని కాసేపు కూర్చుంటే గని సోయికి రావు. వయసు గదా అనుకున్నది ఇన్ని రోజులు.

ఇంట్ల కోడలు తరన్నుమ్ సంగతంతా విని తన చెయ్యి చాపింది. "నా చేతికి ఏసి చూడు అమ్మీ."

ఏసింది. ఎక్కింది. మళ్లొకటి, అదీ ఎక్కింది. తరన్నుమ్ నవ్వింది గని సర్వర్ బీ నవ్వలేదు. కోడలి చెయ్యే పాములెక్క మెలిక తిరిగి గాజులకు దూరుతున్నది. తన వేళ్లు ఊకె పట్టుకొని ఉన్నయంతే.

తెల్లారి కోరుట్లల ఏటా పిలిచే వాడలకు పోయింది. ఒక ఇంట్ల "మొన్ననే ఏసుకున్నం" అన్నరు. ఇంకో ఇంటి అరుగు మీద ఇంకెవరిదో మలారం కనవడ్డది. ఇంద్రమ్మ చెల్లె ఆ వాడలనే ఉంటది. ఫోన్లు బంద్ లేవు గదా. సర్వర్ బీ ఆగకుంట నడిచింది. ఇంటికొచ్చి కూర్చున్నది, లేచింది, గుత్తులు విప్పింది, మళ్ల కట్టింది. కట్టుడు గూడ ముడి సరిగ పడక రెండు మాట్ల విప్పింది.

ఆ మాపటికి సిరిసిల్ల నుంచి బిడ్డ నిషాత్ ఫోన్ చేసింది. "మా గల్లీల ఆడోళ్లు గాజులకు ఆగమైతున్నరు. బస్సుల్లేక ఎవలొస్తలేరు. నువ్వు రా."

రమ్మన్నది గాజులకు. సర్వర్ బీ పోయింది మాత్రం ఇంట్ల ఉండలేక.

జీపుల వేములవాడ దాక, ఆడికెళ్లి ఆటోల సిరిసిల్ల. తొవ్వల రెండు తావుల రోడ్డు మీద రాళ్లు పెట్టి వంటావార్పు చేస్తున్నరు. రోడ్డు నడిమిట్ల పొయ్యిలు, వాటి మీద గంజులల్ల పప్పు ఉడుకుతున్నది. దిగిన మనుషులకు ఆకులల్ల అన్నం పెడుతున్నరు. సర్వర్ బీ గూడ ఇంత తిన్నది. అన్నం కలిపే వేళ్లనే చూసుకుంట తిన్నది.

సిరిసిల్లల నిషాత్ వాళ్ల గల్లీ ఎప్పుడూ బట్ట నేసే సాంచెల చప్పుడుతోని ఊగుతుండేది. కరెంటు కోతలకు సాంచెలన్నీ ఆగినయి. మగోళ్లు అరుగుల మీద కూర్చున్నరు. ఆడోళ్లు చుట్టూ చేరిన్రు. సర్వర్ బీ మలారం దించింది. మొదటి పిల్ల చేతికి అలకగ ఎక్కినయి. రెండో ఆమె బీడీలు చేసే మనిషి. ఆమె చెయ్యి పట్టుకొని నొక్కబోతే సర్వర్ బీ ఉంగరం వేలు మడత పడి ఆడ్నే ఉండిపోయింది. తిరిగి రాలేదు. ఇంకో చేత్తోని పట్టి గుంజితే టక్కున తెరుచుకున్నది. నొప్పికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

నిషాత్ అది చూసింది. తల్లి చేతిల గాజును తీసి పక్కకు పెట్టింది. "నడువు."

"యాడికి?"

"డాక్టర్ దగ్గరికి. నువ్వు షుగర్ గోళీలు ఏసుకుంటున్నవా?"

"తల తిరిగినప్పుడు ఏసుకుంట."

డాక్టర్ పరశురాములు దవాఖాన గల్లీ చివరనే ఉన్నది. నడీడు మనిషి. వేళ్లు పట్టుకొని ఒక్కొక్కటి మడిచి చూసిండు. అరచేతిల తోలును చిటికెతోని పట్టబోతే పట్టు దొరకలేదు. "అమ్మా, ఒకసారి నమస్తే పెట్టున్రి. అరచేతులు గట్టిగ ఆనించాలె."

సర్వర్ బీ రెండు చేతులు కలిపింది. వేళ్ల కొనలు ఆనినయి, మణికట్లు ఆనినయి. నడుమ సందు మిగిలింది. ఎంత నొక్కినా ఆ సందు పూడలేదు.

"నొక్కకున్రి" అన్నడు డాక్టర్. "ఇది వయసు కాదు. చక్కెర పని."

"చక్కెర నెత్తుట్ల ఉంటది గదా సార్. వేళ్లకేంది?"

"నెత్తుట్ల ఎక్కువై శానా రోజులుంటే అది ఊకె తిరగదమ్మా. ఒంట్లె ఉన్న ప్రోటీన్లకు అంటుకుంటది. బెల్లం పాకం చేతికంటి ఆరితే వేళ్లు ఎట్ల బిగుసుకుంటయి? లోపల నరాలు, తోలు, కీళ్ల పట్టీలు గట్ల బిగుసుకుంటయి. పాకమైతే కడిగితే పోతది. ఇది పోదు." ఆయన నిషాత్ దిక్కు చూసి చెప్పిండు. "ఇంకోటున్నది. ఒంటికి కావలి కాసే కణాలుంటయి. చక్కెర అంటిన ప్రోటీన్లను చూసి అవి పరాయిదేదో వచ్చిందని లొల్లి పెడతయి. ఆ లొల్లి ఆగదు. లోపల సన్నగ మంట రాజుకుంటనే ఉంటది. గందుకే షుగర్ ఉన్నోళ్లకు చిన్నగ గీరుకపోయినా వాస్తది, చీము పడతది, తొందరగ మానదు."

ఆ చివరి మాట సర్వర్ బీకి ఆ క్షణంల పట్టలేదు. డాక్టర్ ఇంకో పరీక్షకు నెత్తురు తీపిచ్చిండు. పొద్దున పరిగడుపున చేసేది కాదట ఇది. నెత్తుట్ల ఎర్రగుండే ప్రోటీన్‌కు ఎంత చక్కెర అంటిందో చూస్తరట. మూడు నెలల సంగతి చెప్తదట.

"మూడు నెల్లా?" అన్నది సర్వర్ బీ. "అంటే రంజాన్ గూడ పడ్డదా ఇందుల?"

"పడ్డది" అన్నడు డాక్టర్ నవ్వుకుంట. "షర్బతు, ఖజూరు, సేమ్యా అన్నీ పడ్డయి."

తెల్లారి కాయితమొచ్చింది. డాక్టర్ దాన్ని చూసి నవ్వలేదు. గోళీలు మార్చిండు, రోజూ తప్పద్దన్నడు. "చేతులు మల్ల మునుపటి లెక్క అయితయా?" అని అడిగింది సర్వర్ బీ.

"పోయింది మొత్తం తిరిగి రాదమ్మా. ఇంక పోకుంట ఆపొచ్చు."

దవాఖాన మెట్లు దిగుతుంటే ఆమెకు గిరిజ చెయ్యి యాదికొచ్చింది. మొత్తంగ యాదికొచ్చింది. బొటనవేలు లోపలికి మడవలేదు. అరచేతి తోలు మైనంలెక్క జారింది, చిటికెకు దొరకలేదు. వదులు చెయ్యమంటే "వదిలేసే ఉన్న" అన్నది. అబద్ధం చెప్పలేదామె. ఆమెకూ అదే. రెండు బిగుసుకున్న చేతుల నడుమ గాజు పడ్డది. ఇంకేమైతది మరి.

అప్పుడు డాక్టర్ చివరి మాట గుర్తొచ్చింది. మెట్టు మీదనే నిలబడ్డది.

"నిషాత్, జగిత్యాలకు ఫోన్ చెయ్యి."

"ఎవలకు? నిన్ను వాడ మొత్తం తిప్పి పంపేటట్టు చేసిన ఆమెకా? ఆమె రోగం ఆమె చూసుకుంటది తీ అమ్మీ."

"చెయ్యి."

రిషిత ఎత్తింది. అమ్మ చెయ్యి వాచిందట. మొన్న ఎర్రగైతే పసుపు పెట్టిన్రు, నిన్నటికి మోచేతి దాక పొంగింది, జరమున్నది. గాజులు కండల దిగినయి. దవాఖానల గాజులు కోసేద్దామంటే అమ్మ ఒప్పుకోక లేచి ఇంటికొచ్చింది. బతుకమ్మ రోజులల్ల మొగుడుండంగ చేతి గాజులు కోసుకుంటనా అంటున్నది.

"చిన్నమ్మా, దొర్సానికి షుగర్ పరీక్ష చేపియ్యిన్రి" అన్నది సర్వర్ బీ.

"అమ్మకు షుగర్ లేదు."

"ఎప్పుడన్న చూపిచ్చిన్రా?"

రిషిత గొంతు తగ్గించి వేరే మాట ఎత్తుకున్నది. "నీ గాజు ముక్క ఏదన్న లోపల ఉండిపోయిందేమో అంటున్నరు ఇక్కడ. నాన్న కోపం మీదున్నడు. నువ్వు ఫోన్ చేసినవని చెప్పను."

ఫోన్ పెట్టేసింది. సర్వర్ బీ నిషాత్ ఇంట్ల ఇటు నుంచి అటు తిరిగింది. గిరిజ తనను అన్న మాట మీద కోపం పోలేదు, ఆడ్నే ఉన్నది. గని ఆ ఆరు గాజులు తను ఎక్కించినయే. అవి ఇప్పుడు కండలకు దిగుతున్నయి. పొద్దెక్కకముందే మలారం బిడ్డ ఇంట్ల విడిచి బయలెల్లింది.

వేములవాడల ఆటోలు దొరకలేదు. మక్కజొన్న ట్రాక్టరు మీద సగం తొవ్వ, టమాటల బండిల సగం తొవ్వ పోయింది. జగిత్యాల ఇంటి గేటు కాడ భాస్కర్ రావు నిలబడి ఉన్నడు. శిబిరం కండువా ఇంకా మెడల్నే ఉన్నది.

"ఎందుకొచ్చినవు?"

"దొర్సాని గాజులు తియ్యనీకి."

"చేసింది చాలలేదా?"

సర్వర్ బీ రెండు చేతులెత్తి ఆయన ముంగట కలిపింది. దండం పెడుతున్నదనుకొని ఆయన మొఖం పక్కకు తిప్పబోయిండు.

"దండం కాదు దొరా, చూడున్రి. నడుమ సందున్నది. చక్కెర రోగమొస్తే గిట్లైతదని డాక్టర్ చెప్పిండు. దొర్సాని చెయ్యి గూడ గిట్లనే ఉన్నది, నేను పట్టుకున్న గదా. నా మీద కోపముంటే తర్వాత తీర్చుకోన్రి. గాజులు ఈ పూట రాకుంటే చేతికే వస్తది ఆపద."

భాస్కర్ రావు ఆమె చేతులను చూసిండు. తన చేతులను కూడ ఒకసారి కలిపి చూసుకున్నడు. ఆయనయి ఆనినయి. గేటు తెరిచిండు.

గిరిజ మంచం మీద చెయ్యి దిండు మీదేసుకొని ఉన్నది. చెయ్యి పొంగి నిగనిగలాడుతున్నది. గాజుల కింద గుంటలు పడ్డయి. వేళ్ల కొనలు నల్లగ అయితున్నయి. సర్వర్ బీని చూసి దిండును జర ఆమె దిక్కు జరిపింది. "ఎక్కించింది నువ్వే. దించు. పెరగకుంట దించు."

సర్వర్ బీ మంచం పక్కన నేల మీద కూర్చున్నది. సబ్బు నురుగు తెప్పిచ్చింది. ఒక గాజును వేలి కొనతోని ముట్టి చూసింది, ఒక్క ఇసుమంత జరిపింది. గిరిజ పండ్లు బిగవట్టింది. గాజు కింద తోలు తెగబోతున్నది. సర్వర్ బీ చెయ్యి వెనుకకు తీసుకున్నది.

"దిగవు దొర్సానీ. దించితే తోలు వస్తది."

"మరి?"

"పెరిగించాల్నే."

"నీ చేత్తోనా?"

"నా చేత్తోనే. మీ ఇంట్ల ఎవలూ ముట్టరు. మీరు దవాఖానోళ్లను ముట్టనియ్యరు. కుడి చేతికి పాత గాజులున్నయి గదా, అవి ముట్ట. ఈ చేతికి పసుపు దారం కడదాం. వాపు దిగినంక గాజులు మల్ల ఎక్కుతయి. చెయ్యి పోతే యాడ ఎక్కిస్తరు?"

గిరిజ కండ్లు మూసుకున్నది. కొనల నుంచి నీళ్లు చెవుల దిక్కు కారినయి. వాపు లేని తావు చూసి, మోచేతి పైన రిషిత పసుపు దారం వదులుగ కట్టింది. భాస్కర్ రావు పటకారు తెచ్చి ఇచ్చి, చూడలేక బయటకు పోయిండు.

సర్వర్ బీ తడిపిన పలుచటి గుడ్డను గాజు కిందికి సూది దారమెక్కించినట్టు కొంచెం కొంచెం దూర్చింది. మీదికెళ్లి ఇంకో గుడ్డ మడత కప్పింది. ముక్క ఎగరద్దు. పటకారు పిడి మూసేటాలకు ఉంగరం వేలు మొరాయించింది. ఆగింది. రిషితను పిలిచి తన పిడికిలి మీద ఆ పిల్ల పిడికిలి పెట్టమన్నది. ఇద్దరు కలిసి నొక్కిన్రు. గుడ్డ లోపల సన్నని చప్పుడు. ఒక్కో గాజుకు గిరిజ ఒళ్లు చిన్నగ అదిరింది. ఆఖరిది వచ్చినంక, ఆ గుంటల మీద తోలు మెల్లగ పైకి లేస్తుంటే ముగ్గురూ దాన్నే చూసిన్రు.

కారుల దవాఖానకు తీసుకపోయిన్రు. టవర్ చౌరస్తా కాడ ఆడోళ్లు రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడుతున్నరు. చెయ్యి చూసి పక్కకు జరిగి తొవ్విచ్చిన్రు. ఆ దవాఖాన డాక్టర్ కోసి చీము తీసిండు. గాజు ముక్క లేదు. నెత్తురు పరీక్షకు పంపిండు. వచ్చిన కాయితం చూసి, "ఇది నిన్నటి మొన్నటి షుగర్ కాదు, ఏండ్ల సంది ఉన్నట్టున్నది. ఎన్నడూ చూపించుకోలేదా?" అని అడిగిండు. భాస్కర్ రావు కుర్చీల కూర్చొని కండువాను మడతలు పెట్టుకుంట ఉండిపోయిండు. సర్వర్ బీ వరండాల గోడకానుకొని కూర్చున్నది. ఒక మందు సీసా ఎక్కేదాక ఉండి, ఎవలకూ చెప్పకుంట కోరుట్లకు పోయింది.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు కారు కోరుట్లకు వచ్చింది. అందుల రిషిత ఉన్నది. "అమ్మ రమ్మన్నది. గాజులు తీసుకొని రమ్మన్నది." సర్వర్ బీ కోడల్ని గూడ ఎక్కమన్నది. తరన్నుమ్ మలారం భుజానికేసుకున్నది. సిరిసిల్ల నుంచి నిషాత్ పంపిన మలారమే.

గిరిజ హాలు నిండ వాడ ఆడోళ్లున్నరు. తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలు పోసి ఉన్నయి. ఇంద్రమ్మ గునుగు కొనలకు రంగు అద్దుతున్నది. గిరిజ చేతికి తెల్లటి కట్టున్నది. మొఖం పీక్కపోయింది గని లేచి కూర్చున్నది. సర్వర్ బీ లోపలికి రాంగనే మాటలు తగ్గినయి.

"అందరినీ కూర్చోబెట్టే చెప్తున్న" అన్నది గిరిజ. ఆమెకు ఇసోంటి మాటలు అలవాటు లేవు. పూలల్ల చూసుకుంట చెప్పింది. "ఆ నాడు గాజులు పెరిగినయంటే తప్పు సర్వర్ బీది కాదు. నా ఒంట్లె చక్కెర ఉన్నది. నా చెయ్యే మడుస్తలేదు. నేను అనరాని మాట అన్న. ఇంద్రమ్మా, నువ్వు పోయి చెప్పినోళ్లందరికీ ఇది గూడ చెప్పు." తర్వాత తలెత్తింది. "సర్వర్ బీ, రిషితకు కొత్త గాజులు నువ్వే ఎయ్యి. అందరు చూడాలె."

రిషిత వచ్చి ముంగట కూర్చొని చెయ్యి చాపింది. మెత్తటి చెయ్యి. ఎట్లన్న ఎక్కుతయి. హాలంత ఆ చెయ్యినే చూస్తున్నది. ఈ మాట కోసం సర్వర్ బీ ఇన్ని రోజులు నిద్రపోలేదు. ఇప్పుడు దాన్ని తీసుకొని ఇంటికి పోవచ్చు. వాడలన్నీ మల్ల పిలుస్తయి.

ఆమె రిషిత చెయ్యి పట్టుకొని మెటికలు ఒకసారి పిసికింది. వదిలింది.

"దొర్సానీ, ఆ నాడు మీరన్న మాటల సగం నిజమే. మీ చెయ్యి ఎంత బిగిసిందో నాదీ అంతే బిగిసింది. నా చెయ్యి మంచిగుంటే మీ చెయ్యి సంగతి ఆడ్నే తెలుస్తుండె. మొదటి గాజుకే ఆపుతుంటి." అందరికి వినవడేటట్టు చెప్పింది. "నేనింక ఎవలకు ఏసేది లేదు. నా కోడలు ఏస్తది."

గిరిజ కట్టు లేని చేత్తోని తరన్నుమ్‌కు తావు చూపిచ్చింది. ఇంద్రమ్మ రంగు గిన్నె పక్కకు పెట్టి, తరన్నుమ్ కూర్చునేటందుకు పూలకుప్పను జరిపింది.

తరన్నుమ్ అత్త మొఖం చూసింది. ఇంటి బయట ఆమె ఎవలకూ గాజులు ఏసింది లేదు. సర్వర్ బీ మలారం నుంచి ఒక గుత్తి విప్పి, రిషిత చేతిని చూసి కొలత ఎంచి అందించింది. తరన్నుమ్ బొటనవేలిని మడిచింది. గాజు మెటికల కాడ ఆగింది. ఎక్కడ నొక్కాల్నో తెల్వక ఆ పిల్ల చెయ్యి అటిటు తిప్పుతున్నది.

"చిటికెన వేలి మొదలు" అన్నది సర్వర్ బీ.

తరన్నుమ్ అక్కడ నొక్కింది. గాజు మెల్లగ, శానా మెల్లగ జరిగింది. సర్వర్ బీ చేతులు వాటంతట అవే ముంగటికి పోతున్నయి. రెంటినీ చెంగు కిందికి తీసుకొని ఒడిల దాచుకున్నది. అవి ఊకుంటలేవు. ఒకదాన్ని ఒకటి పట్టుకొని పిసుకుతున్నయి.

గాజు మణికట్టుకు దిగింది. తరన్నుమ్ ఊపిరి వదిలి ఇంకొకటి అందుకున్నది.